నేను తీసేసిన ఐదు పేర్లు

మా నగర్తపేటలో ఎన్నికల కరపత్రాలు వేసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. మన అభ్యర్థి కాగితం మీద ఎదుటి అభ్యర్థి పేరు పడకూడదు. పొగడటానికి ఎలాగూ పడదు, తిట్టడానికి కూడా పడకూడదు. నాకు ఈ పని నేర్పిన ప్రెస్సు యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్లం. ఆయన మొదటి రోజే చెప్పాడు: "తిట్టినా పేరు పేరేరా అప్పా. చదివినోడు తిట్టు మర్చిపోతాడు, పేరు మిగుల్తాది." నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆ వయసులో ఎవరి మాట ఎవరికి ఎక్కుతుంది?

ఒక కార్పొరేషన్ ఎన్నికలో మా అభ్యర్థికి వేసిన కాగితంలో, పోయినసారి గెలిచినాయన ఐదేళ్లు ఏం వెలగబెట్టాడని పేరు పెట్టి మరీ అడిగాను. నాకైతే అది మహా పదునుగా ఉందనిపించింది. మరునాడు మా అభ్యర్థి మనుషుల్ని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చి, కాగితాల కట్ట నా మొహాన కొట్టి, చెంప మీద ఒకటి ఇచ్చాడు. "నా దుడ్డుతో వాడి పేరు ఊరంతా పంచుతావేందిరా?" అన్నాడు. పెద్దాయన అడ్డు రాలేదు సరికదా, "మంచిదే అయింది, ఇంక జన్మలో మర్చిపోడు" అని నవ్వాడు. నేను మర్చిపోలేదు. నా కొంప ముంచింది ఆ మర్చిపోకపోవడమే.

ఇప్పుడు నాకు అరవై రెండు. పెద్దాయనా లేడు, ఆయన అచ్చు మెషినూ లేదు. ఆ ప్రెస్సు ఉన్న సందులోనే, జరీ లేసులు అమ్మే దుకాణం పైన, ఒక గదిలో కంప్యూటర్ పెట్టుకుని పెళ్లికార్డులూ కరపత్రాలూ తయారుచేస్తాను. నాకు తోడు మా చెల్లెలి కూతురు. ఊరికి ఆ చివర హూడిలో ఉంటుంది. రెండేళ్ల కిందట దాని కంపెనీవాళ్లు ఉద్యోగంలోంచి తీసేస్తే ఏడుస్తూ కూర్చోకుండా, ఇంట్లోనే అనువాదాల పని మొదలుపెట్టింది. పని తెచ్చేది, ఇంగ్లిషులో మాట్లాడేది, కన్నడం రాసేది అది. తెలుగు రాసి, కాగితాన్ని అందంగా తీర్చేది నేను. ఆదివారాలు చిక్కపేటలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి వాళ్లింటికి పోతాను. అన్నం పెడుతుంది, పని ఇస్తుంది, నా బీపీ మాత్రలు లెక్కచూసి తిడుతుంది.

అలా ఒక ఆదివారం, "మామా, ఆస్ట్రేలియాలో ఒకామె ఎలక్షన్‌లో నిలబడుతోంది. స్టేట్ అసెంబ్లీ అన్నమాట. తెలుగు పాంప్లెట్ కావాలంట" అంది.

"ఆడికి పోయినాక గూడా మనోళ్లకు తెలుగు పాంప్లెటా?"

"పెద్దవాళ్లు ఉంటారు కదా మామా. పిల్లలతో పాటు అక్కడే సెటిల్ అయ్యి సిటిజన్స్ అయినవాళ్లు. వాళ్లకు ఇంగ్లిష్ రాదు. అక్కడ ఓటు కంపల్సరీ. వెయ్యకపోతే ఫైన్."

ఓటు వేయకపోతే జరిమానా అనగానే నాకు ఆ దేశం మీద గౌరవం కలిగింది. మా వార్డులో ఓటు రోజు సెలవు దొరికిందని మైసూరు పోయేవాళ్లే సగం మంది.

ఆ అభ్యర్థితో వీడియోలో మాట్లాడాం. యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్లు సిటీ బస్సు నడిపిందట. ఏ పార్టీ లేదు, స్వతంత్రంగా నిలబడింది. వాళ్ల పేటలో ఒక బస్సు రూటు ఎత్తేశారని, ముసలివాళ్లు ఆస్పత్రికి ఎండలో నడిచిపోతున్నారని, ఆ బస్సు మళ్లీ తెప్పించడానికే నిలబడ్డానని చెప్పింది. నేను మా కోడలి మొహం చూశాను. చెల్లెలి కూతురు నాకు కోడలి వరస. మా వైపు ఎన్నికల్లో నిలబడినవాళ్లలో బస్సులు తగలబెట్టించినవాళ్లను చూశాను గాని, బస్సు నడిపినవాళ్లను చూడలేదు.

ఆమె నాకు తెగ నచ్చేసింది. పంపిన ఫోటో మాత్రం నచ్చలేదు. జేబుల్లో చేతులు పెట్టుకుని, బస్సు ఎప్పుడొస్తుందా అన్నట్టు నిలబడి ఉంది. "నమస్కారం పెడతా ఒక ఫోటో తీయించుకోమని చెప్పు పాపా. మనోళ్లకు అది లేకపోతే అడిగినట్టే ఉండదు" అన్నాను. మా కోడలు మొహమాటపడుతూనే చెప్పింది. మరునాటికి ఫోటో వచ్చింది. పాపం, రెండు చేతులూ గట్టిగా అదిమిపట్టి, మోచేతులు రెక్కల్లా పైకెత్తి నవ్వుతోంది. నాకు నవ్వు ఆగలేదు. అయినా ఆ ఫోటోనే పెద్దది చేసి పెట్టాను.

ముందు పేజీ రాత సులువుగా సాగిపోయింది. బస్సు, ఆస్పత్రి, ఎండ. నా వంతుగా 'మీ ఇంటి ఆడబిడ్డ' అని ఒక మాట చేర్చాను. వెనక పేజీకి వచ్చేసరికి నాకు మతిపోయింది. ఓటు ఎలా వేయాలో చెబుతూ ఆమె ఇలా రాసింది: నా పేరు పక్కన 1 వేయండి, ఫలానా ఆయనకు 2, ఫలానా ఆమెకు 3, అలా ఆరు వరకూ అన్ని గడులూ నింపండి. ఆ ఐదుగురి పేర్లూ వరుసగా ఇచ్చింది.

తన కాగితం మీద, తన డబ్బుతో, ఎదుటివాళ్ల పేర్లు! అదీ ఒకటి కాదు, ఐదు! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అనుకున్నాను. పార్టీ లేదు, వెనక పెద్దమనుషులు లేరు, మంచి చెడ్డ చెప్పే దిక్కు లేదు, బస్సు నడుపుకునే అమాయకురాలు ఎవరో రాసిచ్చింది పంపేసిందని జాలిపడ్డాను. నిజంగా జాలే. నా చెంప మీద పడిన దెబ్బ ఆమె చెంప మీద పడకుండా కాపాడుతున్నాననే అనుకున్నాను. ఆ ఐదు పేర్లూ తీసేశాను. ఆ చోటంతా ఒకే ఒక పెద్ద గడి గీసి, లోపల లావుగా 1 వేశాను. కింద నలభై ఏళ్లుగా నా చేతికి అలవాటైన మాట రాశాను: 'ఈ గడిలో ఒకటి వేయండి. ఇంకెవరి వైపూ చూడకండి.' మిగిలిన ఖాళీలో ఒక బస్సు బొమ్మ పెట్టాను.

మా కోడలు ఆ వారం ఇంకేదో పనిలో మునిగి ఉంది. "అన్నీ సరిగ్గా చూసినావా మామా?" అని ఫోన్‌లో అడిగింది.

"నేను చూసినాక ఇంకెవురు చూడాల?" అన్నాను. పంపేసింది. ఆ అభ్యర్థికి తెలుగు రాదు. బాగుందని, బస్సు బొమ్మ మరీ బాగుందని జవాబు రాసింది. అచ్చేయించి తెలుగువాళ్ల ఇళ్ల టపా డబ్బాల్లో వేయించింది.

పది రోజుల తర్వాత ఆదివారం మధ్యాహ్నం. అదే కాగితం కన్నడంలో కూడా కావాలని ఆమె అడిగితే, మా కోడలు ఇంగ్లిషు ప్రతిని ఒక పక్క, నా తెలుగు కాగితాన్ని ఇంకో పక్క పెట్టుకుని కూర్చుంది. నేను పెరుగన్నం కలుపుతున్నాను.

"మామా, మిగతా ఐదుగురు ఏరి?"

"తీసేసినా."

"తీసేసినావా? ఎందుకు?"

నేను ముద్ద నోట్లో పెట్టుకుని తీరిగ్గా చెప్పాను. పెద్దాయన మాట చెప్పాను, చెంపదెబ్బ చెప్పాను. ఇప్పటిదాకా దానికి చెప్పని కథ అది. మెచ్చుకుంటుందనుకున్నాను. అది లాప్‌టాప్‌లో ఏదో వెతికి, చదివి, మళ్లీ చదివి, నా వైపు తిప్పింది.

"అక్కడ అన్ని గడుల్లోనూ నంబర్లు వెయ్యాలి మామా. ఎవరికీ సగం మించి రాకపోతే, తక్కువ వచ్చినవాళ్లను తీసేసి, వాళ్ల చీటీల మీద తర్వాతి నంబర్ ఎవరికి ఉందో చూసి వాళ్లకు కలుపుతారు. అందుకే అందరూ తమ పాంప్లెట్‌లో అందరి పేర్లూ వేస్తారు."

"సరే, ఒకటి మాత్రమే వేస్తే?"

"ఆ ఓటు చెల్లదు. పక్కన పెట్టేస్తారు."

"అదేం రూలు? ఒకటి అని రాసినాక ఎవురికేసినారో తెలీదా ఆ గుడ్డినాయాళ్లకు?" అని లేచాను. ఎంగిలి చేత్తోనే అరిచాను. రూలు పెట్టినవాళ్లను తిట్టాను, చూసుకోలేదని మా కోడల్ని తిట్టాను, తన కాగితంలో ఒకే గడి ఉంటే అడగొద్దా అని ఆ అభ్యర్థిని కూడా తిట్టాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అనకముందే నాది తప్పు కాదని నాలుగుసార్లు అన్నాను. నేను చెయ్యి కడుక్కుని వచ్చాక మా కోడలు, "అక్కడ ముందస్తుగా ఓటు వెయ్యొచ్చు మామా. రేపు పొద్దున్నుంచే మొదలు. ఇప్పుడే మెయిల్ పెడదాం" అంది.

"సుమ్నే ఉండు, నువ్వేం పెట్టొద్దు. తప్పు నాది, నేనే చెప్తా. రేపు ఫోన్ చేస్తా."

"రేపా?"

"నా నోటితో చెప్పాల గదా. రేపంటే రేపే."

పెద్దవాణ్ణని నా మాట మన్నించింది. అప్పుడు నా మాట కాదని అది తానే మెయిల్ పెట్టేసి ఉంటే ఎంత బాగుండేదో.

సోమవారం నేను ఫోన్ చేయలేదు. పొద్దున ఒక పెళ్లికార్డు పని ఉందనుకున్నాను. ఆ కార్డుకు తొందరేమీ లేదు, పెళ్లికి ఇంకా రెండు నెలలుంది. మధ్యాహ్నం, వాళ్లకిప్పుడు సాయంత్రం, అలసిపోయి ఉంటుందనుకున్నాను. మహా అయితే నలుగురు చదివి ఉంటారులే, చదివినవాళ్లను పిల్లలు సరిదిద్ది ఉంటారులే అనుకున్నాను. నిజం చెబితే కోడలికి వచ్చే పనులు పోతాయేమో అని కూడా అనుకున్నాను, అది నాకు బాగా కుదిరిన సాకు. అసలు సంగతి సిగ్గు. అరవై రెండేళ్లకు మళ్లీ పంతొమ్మిదేళ్లవాణ్ణయి ఒకరి ముందు చెంప పట్టుకుని నిలబడాలంటే నాకు ప్రాణం ఒప్పలేదు. మా కోడలు మూడుసార్లు ఫోన్ చేసింది, నేను ఎత్తలేదు.

మంగళవారం మధ్యాహ్నం తానే నగర్తపేటకు వచ్చేసింది. హూడి నుంచి అంత దూరం, ఎండలో. మెట్లెక్కి వచ్చి ఎదురుగా కూర్చుని, ఆ అభ్యర్థికి వీడియో కలిపి నా చేతికిచ్చింది.

నేను తెలుగులో చెప్పాను, అది ఇంగ్లిషులోకి మార్చింది. "మేడమ్, మీ కాగితంలో ఆ ఐదు పేర్లు జారిపోయినాయి" అన్నాను. జారిపోయినాయి! ఎంత సొగసైన మాట. చేటలోంచి గింజలు జారినట్టు, ఎవరి చెయ్యీ పడనట్టు. మా కోడలు ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది. తర్వాత నేను అన్నదాన్ని అన్నట్టే చెప్పింది.

ఆమె లేచి ఆ కాగితం తెచ్చుకుని, వెనక్కి తిప్పి ఆ ఒక్క గడీ చూసుకుంది. సరిచేయడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది. ఇరవై నిమిషాలన్నాను. సరే అంది. నా మొహం చూసి జాలిపడిందేమో, పెట్టేసేముందు ఒక సంగతి చెప్పింది. ఒకసారి స్టాపులో చెయ్యెత్తిన ముసలామెను చూసుకోకుండా బస్సు పోనిచ్చిందట. తర్వాత స్టాపుకు వచ్చాక, అద్దంలో లీలగా కనిపించిన చెయ్యి గుర్తొచ్చి, లోపల ఉన్నవాళ్లందరికీ నిజం చెప్పి, బస్సు వెనక్కి తిప్పుకుని పోయి ఎక్కించుకుందట. డిపోలో మాట పడిందట. "చూసుకోకపోవడం ఎవరికైనా జరుగుతుంది. మీరు బాధపడకండి" అంది. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ఇరవై నిమిషాల్లో సరైన కాగితం పంపాను. ఆరు గడులు, ఆరు పేర్లు, ఆరు అంకెలు. ఆమె, ఆమెతో ఉన్న నలుగురూ మళ్లీ ప్రతి ఇంటికీ నడిచారు. తెలుగు రాని ఆమె తలుపులు కొట్టి, పాత కాగితం చూపించి వద్దని తల అడ్డంగా ఊపి, కొత్తది ఇచ్చి అన్ని గడులూ వేలితో చూపించిందట. కొందరు కాఫీ ఇచ్చారట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, ఆ ఆకులు కూడా పట్టుకుంది ఆమే.

ఎన్నిక అయింది. ఆమె ఓడిపోయింది. చాలా దూరంగానే ఓడిపోయింది. "మన తెలుగువాళ్ల ఓట్లు అన్నీ పడినా గెలిచేది కాదు మామా, నేను చూశాను" అని మా కోడలు చెప్పింది. నా కోసమే చూసి ఉంటుంది. ఆ మాట పట్టుకుని నేను రెండు రోజులు హాయిగా అన్నం తిన్నాను.

మూడో రోజు ఆమె నుంచి మెయిల్ వచ్చింది. నేను హూడిలోనే ఉన్నాను. ఓట్లు లెక్కపెట్టేటప్పుడు అభ్యర్థి తరఫున ఒక మనిషి నిలబడి చూడొచ్చట. ఆమె తరఫున ఒక రిటైరయిన పోస్ట్‌మ్యాన్ నిలబడ్డాడు. చెల్లని చీటీల్లో ఒకదాని మీద ఆమె పేరు పక్కన 1 ఉండి, మిగతా గడులన్నీ ఖాళీగా ఉన్నాయట. అడుగున పెన్సిలుతో ఒక వరస రాసి ఉందట. మన కరపత్రంలోని అక్షరాల్లా ఉన్నాయని, ఆ పెద్దమనిషి తన నోట్‌బుక్‌లో వాటిని చూసి గీసుకొచ్చాడు. అలా రాసినందుకు చీటీ చెల్లకుండా పోలేదట, ఖాళీ గడుల వల్లే పోయిందట. ఆ గీతల ఫోటో పంపి, ఇందులో ఏముంది, నాకేమైనా చెప్పారా అని అడిగింది.

ఫోటో పెద్దది చేశాం. తెలుగు తెలియని చెయ్యి గీసింది. తలకట్లు విడిపోయి పక్కకు పోయాయి, సున్నాలు పెద్దవైపోయాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను.

'ఈ దేశంలో నా తొలి ఓటు. నీకే అమ్మా.'

మా కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను చెప్పినట్టే చేసిన మనిషి. ఒకటి వేయమన్నాను, వేశారు. ఇంకెవరి వైపూ చూడొద్దన్నాను, చూడలేదు. ఆ చీటీ ఏ రోజు పెట్టెలో పడిందో ఎవరికీ తెలియదు. నేను పెళ్లికార్డుకు పూలు దిద్దుతూ కూర్చున్న ఆ సోమవారమే పడిందేమో. ఆ ఆదివారం మధ్యాహ్నమే నోరు విప్పి ఉంటే ఆమె సోమవారం పొద్దునే ఆ తలుపు కొట్టి ఉండేదేమో. ఛీ, నా బతుకు! ఒక చెంపదెబ్బకు భయపడి ఒక మనిషి తొలి ఓటు మింగేశాను.

"రాయి పాపా" అన్నాను. ముందు ఆ వరసకు అర్థం చెప్పాను, టైపు చేసింది. తర్వాత, "ఆ పేర్లు జారిపోలేదు, నేనే తీసేసినా అని రాయి. మీకు తెలీదు, నాకే తెలుసనుకొని తీసేసినా. ఆదివారమే తెలిసింది, మంగళవారం దాకా చెప్పలేదు. అది గూడా రాయి."

అది వేళ్లు ఆపింది. "మామా, ఇది పంపితే మళ్లీ మనకు పని రాదు. ఆమె ఇంకో నలుగురికి చెప్తుంది."

"తెలుసు."

"నీకు తెలుసు సరే. ఇది నా పని కూడా కదా."

అది నిజమే. దాని పొట్ట మీద కొట్టే హక్కు నాకు లేదు, ఆ గీతలు చూశాక ఊరుకునే శక్తీ లేదు. కింద ఎవరో స్కూటర్ హారన్ కొడుతూనే ఉన్నారు. కొంతసేపటికి మా కోడలే మొత్తం టైపు చేసి, ఒకసారి చదువుకుని, నన్ను అడక్కుండా పంపేసింది.

మరునాడు జవాబు వచ్చింది. మా కోడలు ఫోన్ చేసి చదివింది. నిజం చెప్పినందుకు థాంక్స్ అని ఉంది. నాకు కోపం వచ్చింది, ఇంకా ఉంది, కొన్నాళ్లు ఉంటుంది అని ఉంది. ఆ చీటీ ఎవరిదో కనుక్కుని క్షమించమని అడగాలనిపించింది గాని, రహస్య ఓటు కాబట్టి మీకూ నాకూ ఆ దారి లేదని ఉంది.

"ఇంకో లైన్ ఉంది మామా" అంది మా కోడలు, ఆగింది.

"చదువు."

"'ఆ మనిషికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. తన ఓటు నాకు పడిందనే అనుకుంటూ ఉంటారు' అని రాసింది."

ఇంకోసారి చదవమన్నాను. చదివింది. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే కంప్యూటర్‌లో ఆ పాత కాగితం తెరిచాను. "మామా, ఉన్నావా?" అని అది అడుగుతోంది. తెర మీద ఆ ఒకే ఒక పెద్ద గడి, లోపల నేను లావుగా వేసిన 1.